మూడో నంబర్ మెషిన్‌కు చెప్పిన మాటలు

శావుకారింట్లో పుట్టి అమ్మడం చేతకానివాణ్ణి సంగారెడ్డి బజారు మొత్తంలో నేనొక్కణ్ణే. మా నాన్న ఈ మాట నలుగురిలో అంటాడు, నేను పక్కనున్నా అంటాడు. మొన్న ఎండాకాలం అది అబద్ధమని చూపించాలని పంతం పట్టాను. చూపించాను కూడా. ఎట్లా చూపించానో మాత్రం ఆయనకు ఇంతవరకు చెప్పలేదు.

నా దోస్తు అనిల్, నేను కలిసి చేసిన సాఫ్ట్‌వేర్ పేరు షిఫ్ట్‌మాట. పనేమంత పెద్దది కాదు. ఫ్యాక్టరీలో షిఫ్ట్ దిగే మనిషి, మెషిన్ పక్కన తగిలించిన ఫోన్‌లో బటన్ నొక్కి, ఇవాళ మెషిన్ ఏం సతాయించిందో నోటితో చెప్తాడు. తర్వాతి షిఫ్ట్ మనిషి అది విని పని మొదలుపెడతాడు. రాయనక్కర్లేదు, చదవనక్కర్లేదు. అనిల్ సుల్తాన్‌పూర్‌లో ఉద్యోగం చేస్తూనే తీరికున్నప్పుడల్లా కోడ్ రాసేవాడు. "సాఫ్ట్‌వేర్ సంగతి నేను జూస్త, మనుషుల సంగతి నువ్వు జూస్కో" అన్నాడు. మనుషులంటే, ఇస్నాపూర్ నుంచి చిట్కుల్ పోయే దారిలో ఒకే గల్లీలో ఉన్న పన్నెండు చిన్న యూనిట్ల యజమానులు.

నేనుండేది రుద్రారంలో, ఒక హాస్టల్ వెనక కిరాయి గదిలో. ఏప్రిల్ ఆఖరుకు పిల్లలంతా ఊళ్లకు పోయారు. మెస్సు మూసేశారు. జిరాక్స్ షాపు, జ్యూస్ బండి, అన్నీ బంద్. కుక్కలకు కూడా ఏమీ తోచక నా బండి వెంట పడేవి, కరవడానికి కాదు, ఊరికే. నా భార్య నిషిత మార్చిలోనే పుణేలో ఉద్యోగానికి వెళ్లింది. ఇద్దరిలో ఒకరికైనా జీతం రావాలి కదా. పోయేముందు ఒకటే మాట చెప్పింది.

"జూన్ ఆఖరు దాంక జూద్దాం. ఆ గల్లీల యూనిట్లు పడితే నేనే ఇటు ట్రాన్స్‌ఫర్ అడుగుత. పడకపోతే దుకాణం బంద్ జేసి నువ్వే అటు రా. ఇట్ల ఇద్దరం రెండు దిక్కుల బతుకుడు నాతోని కాదు."

తప్పేముంది ఆ మాటలో? కానీ మూడేళ్లుగా చేసిన పనిని మూసేసి, పుణేలో ఇంకెవరి కిందనో చేరడం తలచుకుంటేనే నాకు అన్నం దిగేది కాదు.

పన్నెండు మందికీ రోజూ పొద్దున మెసేజ్ పెట్టేవాణ్ణి. ఒకరికి పెట్టింది ఇంకొకరికి పెట్టేవాణ్ణి కాదు. ఒకాయన షుగర్, ఒకాయన బిడ్డ ఎంసెట్ ర్యాంకు, ఇంకొకాయన ఎండిపోయిన బోరు, అన్నీ గుర్తు పెట్టుకుని అడిగేవాణ్ణి. జవాబులు బాగానే వచ్చేవి. షుగర్ తగ్గింది, ర్యాంకొచ్చింది, కొత్త బోరు పడింది. సాఫ్ట్‌వేర్ ఊసెత్తగానే పన్నెండులో పదకొండు మందిది ఒకటే పాట: "పెద్దరాములు వెడితే మేం గూడ వెడ్తం."

పెద్దరాములు చిట్కుల్ రైతు. ఒకప్పుడు మిరప పండించిన చెలకలోనే షెడ్డు వేసి, మందుల సీసాలకు ప్లాస్టిక్ మూతలు పోసే మెషిన్లు ఆరు పెట్టాడు. ఆఫీసు గదిలో కూర్చునే, చప్పుడును బట్టి ఏ మెషిన్ ఆగిందో చెప్పగలడు. అలాంటి మనిషికి నేను ఫోన్ అమ్మాలి.

"ఏం సేటూ, మల్లొచ్చినవా?" అనేవాడు నన్ను చూడగానే.

"దారిల పోతున్న సార్, పలకరిద్దామని."

"రుద్రారంల ఉండేటోనికి చిట్కుల్ యాడ దారిల తగుల్తది? కూసో, చాయ్ తాగు. చాయ్‌కైతే వచ్చినవ్ గని, నీ ఫోన్ ముచ్చట ఎత్తకు."

ఎత్తకుండానే నెల రోజులు తిరిగాను. నిజం చెప్పాలంటే అమ్మకం కోసమే తిరగలేదు. రోజు మొత్తంలో నన్ను కూర్చోమనే మనిషి ఆయనొక్కడే. ఆయనకు మోకాళ్ల నొప్పులని పటాన్‌చెరు నుంచి తైలం తెచ్చాను. ఆయన మనవరాలి చెవులు కుట్టిస్తే వెళ్లి, మాంసం ముట్టనివాణ్ణి, బోటీ కూర ముందు కూర్చుని ఉట్టి అన్నం తిని వచ్చాను. ఆఖరుకు ఆయనే మెత్తబడ్డాడు.

"మావోళ్లు మాట్లాడరు సేటూ. మిషిన్ ఆగి గంటైనా నోరిప్పరు. నీ ఫోన్‌తోని మాట్లాడ్తరా? సరే, ఒక్క మిషిన్‌కు వెట్టు. మూడో నంబరు. అది మొండిది. నలభై దినాలు జూస్త. నడిస్తే ఆరింటికి వెడ్త."

మర్నాడే ఫోన్ పట్టుకుని ఉరికాను. గేటు దగ్గరే ఆపేశాడు. "అమాస నాడు కొత్త పని వెడ్తవా? శావుకారి కొడుకువేనా నువ్వు?" అని తిట్టి వెనక్కి పంపాడు. పాడ్యమి నాడు మళ్లీ వెళ్లాను.

మూడో నంబర్ దగ్గర పొద్దున షిఫ్ట్ ఆమె సరస్వతి. ముప్పై దాటి ఉండవు, మాట కత్తి. నేను ఫోన్ తగిలిస్తుంటే చేతులు కట్టుకుని చూసింది. ఎట్లా నొక్కాలో చెప్పాను. ఒక్కసారికే పట్టేసింది. తర్వాత అసలు ప్రశ్న అడిగింది.

"ఇది మా పెద్దరాములు సేటు ఇంటడా?"

"వినడక్కా. నువ్వు చెప్పింది రాత్రి షిఫ్ట్ మనిషే వింటడు. ఇంకెవ్వరు వినరు."

"ఒట్టా?"

"ఒట్టు" అన్నాను. ఆమె కూడా నేను ఒప్పించాల్సిన మనిషే కదా. ఆమె నోరు విప్పకపోతే నా నలభై రోజులూ గాలికి పోయినట్టే.

ఆ ఒట్టులో నన్ను నేను లెక్కపెట్టుకోలేదు. మెషిన్ల హోరులో గొంతు సరిగ్గా పడుతుందో లేదో, మాటలు నా ఫోన్‌కు కూడా వచ్చేటట్టు పెట్టి, మొదటి వారం విని చెప్పమన్నాడు అనిల్. విన్నాను. బాగానే పడుతోందని చెప్పాను. అక్కడితో నా పని అయిపోవాలి.

మొదటి మూడు రోజులు ఉత్త మెషిన్ సంగతులే. నాలుగో రోజు సాయంత్రం పొయ్యి మీద బియ్యం పెట్టి ఫోన్ ఆన్ చేశాను.

"మూడో నంబరూ, ఇను" అంటోంది సరస్వతి గొంతు. "రెండో హీటరు ఎక్వ గాల్తున్నది. మూతల అంచులకు పొర వస్తున్నది. ఇగ నీ దగ్గరికొచ్చేటాయనకు జెప్పు, గిన్నెల టమాట పప్పున్నది, పొద్దుగాల వొయ్యి తినకుండ పండొద్దని. నాకేం అక్కెర లేదు. పారబోసుడెందుకని జెప్తున్న."

పొద్దున ఎనిమిదికి మగ గొంతు వచ్చింది. "మిషినూ, హీటరు తగ్గించిన. పొర వస్తలేదు. పగటీలి నీ కాడ నిలబడేటామెకు జెప్పు, పప్పు నిన్న ఇంట్లకెళ్లి ఎల్లేటప్పుడే రుచి జూసిన, ఉప్పు లేదు."

ఆ సాయంత్రం జవాబు. "మూడో నంబరూ, మిషిన్ మంచిగున్నది. మరదలి పెండ్లికి రా అంటే సేటును సెలవడగ నోరు రాని మనిషికి, ఉప్పు లేదని చెప్ప నోరెట్లొచ్చిందో అడుగు."

గదిలో ఒక్కణ్ణే పగలబడి నవ్వాను. చాలా రోజుల తర్వాత నా నవ్వు నాకే వినిపించింది.

సంగతేమిటో సూపర్‌వైజర్ పెంటయ్యను అడిగితే తెలిసింది. రాత్రి షిఫ్ట్ మనిషి మల్లయ్య సరస్వతి భర్తే. చిన్న బిడ్డను చూసుకోవడానికి ఒకరు పగలు, ఒకరు రాత్రి చేస్తారు. చిట్కుల్‌లో గది. ఆమె పావుగంట ముందు దిగి ఆటో ఎక్కుతుంది, ఆమె గది చేరాక ఆయన బయల్దేరుతాడు. తాళం చెవి దర్వాజ దగ్గర చేతులు మారుతుంది.

"నెల దినాల సంది ఇద్దరికి మాటల్లేవు సార్" అన్నాడు పెంటయ్య. "ఆమె చెల్లె పెండ్లికి ఈయన పోలే. గా కోపం. ఇన్నొద్దులు బిడ్డను నడుమ వెట్టుకొని మాట్లాడిండ్రు, మీ నాయినకు జెప్పు, మీ అమ్మకు జెప్పు అనుకుంట. బడికి సెలవులిస్తే బిడ్డ అమ్మమ్మ ఇంటికి వాయె. ఇగ ఇప్పుడు ఇంట్ల ఇద్దరు మూగోళ్లే."

మూగవాళ్లు కాదని నాకొక్కడికే తెలుసు. అలిగిన మొగుడూ పెళ్లాలకు నడుమ ఒకరు కావాలి. బిడ్డ లేకపోతే మూడో నంబర్ మెషిన్ దొరికింది. ఆ సంగతి కడుపులో పెట్టుకుని ఇంటికొచ్చాను.

అది మొదలు పొద్దున ఎనిమిదికి మల్లయ్య, సాయంత్రం పావు తక్కువ ఎనిమిదికి సరస్వతి. ఇంక నాకు వేరే టైమ్ టేబుల్ లేదు. వాళ్ల మాటలు మెల్లగా మారుతూ వచ్చాయి. పచ్చడి జాడీ ఎక్కడుందో చెప్పుకున్నారు. నల్లా నీళ్లు ఎప్పుడొస్తాయో చెప్పుకున్నారు. ఒకరోజు మల్లయ్య, "మిషినూ, కింద పీట వెట్టిన. ఎవ్వలు లేనప్పుడు జెర కూసొమ్మను, కాళ్లు వాస్తున్నయట" అన్నాడు. ఎవరు చెప్పారో ఆయనకు! చూసే ఉంటాడు దర్వాజ దగ్గర. ఆ మాట నేను నాలుగుసార్లు విన్నాను. ఒకసారి నిషిత ఫోన్ చేస్తే ఐదు నిమిషాల్లో చేస్తానని పెట్టేశాను, సరస్వతి మాట సగంలో ఉందని. తర్వాత చేస్తే నిషిత మీటింగ్‌లో ఉంది.

మెషిన్ కూడా దారికొచ్చింది. అలక సంగతి చెప్పాలంటే ముందు హీటర్ సంగతి చెప్పాలి కదా, ఆ మర్యాద ఇద్దరూ తప్పలేదు. నెల తిరిగేసరికి మూడో నంబర్ ఆగడం దాదాపు లేదు.

నలభయ్యో రోజు, గురువారం, పెద్దరాములు సాయంత్రం రమ్మన్నాడు. ఏడున్నరకు వెళ్లాను. ఆఫీసు గదిలో పెంటయ్య కూడా ఉన్నాడు. బల్ల మీద నా కోసం చాయ్ లేదు. అప్పుడే అర్థమైంది.

"సేటూ, బుర్ర వెట్టి ఆలోచన జేసిన. మిషిన్ మంచిగనే నడుస్తున్నది. నీ ఫోన్‌తోనే నడుస్తున్నదని ఏంది గ్యారంటీ? మావోళ్లు దాంట్ల మాట్లాడంగ నేనైతే ఒక్కనాడు జూల్లే. తీస్కపో."

"మాట్లాడ్తున్నరు సార్. రోజు మాట్లాడ్తున్నరు."

"ఏం మాట్లాడ్తున్నరు?"

"మిషిన్ సంగతులే సార్."

"ఏదీ, వినిపియ్."

ఒట్టు గుర్తు రాలేదంటే అబద్ధం. గుర్తొచ్చింది. దాంతోపాటు పుణే గుర్తొచ్చింది, పదకొండు మంది గుర్తొచ్చారు. పాత మాటల్లో పనికొచ్చేది వెతుకుదామని ఫోన్ తీశాను. అప్పుడే అది చేతిలో మోగింది. మూడో నంబర్ నుంచి కొత్త మాట. టైము ఏడూ నలభై ఐదు. హీటర్ సంగతి వినిపించి ఆపేద్దామనుకున్నాను.

"ఇప్పుడే వచ్చింది సార్" అని నొక్కాను.

"మూడో నంబరూ, ఇను. ప్లాస్టిక్ దానా తడిగున్నది, ఆరవెట్టి పొయ్యాలె. అచ్చు జెర పట్టేస్తున్నది, నూనె సల్లిన." పెద్దరాములు ముందుకు వంగాడు. మూడు నెలల్లో మొదటిసారి ఆయన ముఖంలో నవ్వు కనబడింది. నా వేలు బటన్ మీదే ఉంది. ఆ నవ్వు చూసి తీసేశాను.

"పొద్దటి సంది జరమొచ్చినట్టున్నది. బడి తెరిసినా బిడ్డ అమ్మమ్మ కాడికెళ్లి రాకపాయె, చెప్పుకుంటానికి అది గూడ లేదు. నీ దగ్గరికొచ్చేటాయనకు జెప్పు. నాతోని మాట్లాడకుంటె మాయె. పొద్దుగాల దర్వాజ తీసినప్పుడు జెర నా దిక్కు సూడుమను. గంతే."

పెంటయ్య కిసుక్కుమన్నాడు. పెద్దరాములు బల్ల మీద చరిచి, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు.

"ఓరి నీ! గిట్ల మాట్లాడ్తరా మిషిన్‌తోని! పెండ్లామోలె మాట్లాడ్తున్నది గదరా! సేటూ, నడుస్తది నీది. ఆరింటికి వెట్టు. గిది నాకు పంపు, గల్లీల మిగిలిన సేట్లకు వినిపిస్త."

పంపాను.

యూనిట్ల యజమానులందరికీ ఒక వాట్సాప్ గ్రూపు ఉంది, పెద్దరాములు అందులో పెట్టాడు. మర్నాడు పొద్దున తొమ్మిదయ్యేసరికి పదకొండు మందీ ఫోన్లు చేశారు. మూడు నెలలుగా బతిమాలితే కదలని మనుషులు, ఎప్పుడొచ్చి పెడతావని నన్ను బతిమాలారు. అనిల్ ఆఫీసు నుంచే కేక పెట్టాడు. నేనూ పెట్టాను. ఉత్త హాస్టల్ గోడలు నా కేకను నాకే తిరిగిచ్చాయి.

మధ్యాహ్నం మిగతా ఐదు ఫోన్లు పట్టుకుని యూనిట్‌కు వెళ్లాను. గేటు దగ్గర డబ్బాలు లోడ్ చేసే మనిషి, లోపలికి చూస్తూ రాగం తీశాడు. "మూడో నంబరూ, జెర నా దిక్కు సూడుమను!" చుట్టూ ఉన్నవాళ్లు గొల్లుమన్నారు. మాట అర్థంకాని ఒడిశా వాళ్లు కూడా నవ్వారు. లోపల సరస్వతి తల ఎత్తకుండా మూతలు ఏరుతోంది. నన్ను చూసింది. నేను ఐదో నంబర్ దగ్గర ఫోన్ తగిలిస్తూ ఉండిపోయాను. ఆమె దగ్గరికి పోలేదు.

ఆ సాయంత్రం మూడో నంబర్ నుంచి మాట వచ్చింది. ఆత్రంగా విన్నాను. మూడు సెకన్ల మెషిన్ చప్పుడు, అంతే. మర్నాడు పొద్దున మల్లయ్యదీ అంతే. శనివారం ఇద్దరూ పనికి రాలేదని పెద్దరాములు చెప్పాడు. "సోమారం వస్తరు తియ్, యాడికి వోతరు" అన్నాడు.

ఆదివారం చిట్కుల్ వెళ్లాను. ఒక డజను మామిడిపండ్లు కొన్నాను, వట్టి చేతులతో పోవడానికి సిగ్గేసి. మూడంతస్తుల ఇల్లు, అంతస్తుకు ఎనిమిది గదులు. పై అంతస్తులో చివరి గది వాళ్లది. తలుపు తీసే ఉంది. సరస్వతి చాప మీద కూర్చుని చీరలు మడత పెడుతోంది. మల్లయ్య ఆమె వెనక బియ్యం సంచి మూతి కడుతున్నాడు. వాళ్లిద్దరినీ ఒకేచోట చూడడం నాకదే మొదటిసారి.

"ఎవరో వచ్చిండ్రు సూడు" అంది సరస్వతి.

"ఎవరో ఏంది, గా ఫోనాయన" అన్నాడు మల్లయ్య.

"ఏం గావాల్నట?"

"నాకేమెరుక? నువ్వే అడుగు."

నేరుగా ఒకరితో ఒకరు మాట్లాడుకుంటున్నారు. నడుమ బిడ్డ లేదు, మెషిన్ లేదు. రెండు నెలల కోపం నా మీదికి మళ్లి, వాళ్లిద్దరూ ఒకటయ్యారు. నాకు సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. దర్వాజ దగ్గరే నిలబడ్డాను. మా వైపు ఎవరింటికి ఎవరొచ్చినా, అప్పులాయన వచ్చినా, కూర్చోమంటారు. వాళ్లు అనలేదు.

"తప్పయింది అక్కా" అన్నాను.

మల్లయ్య సంచి వదిలేసి లేచాడు. నెమ్మదైన మనిషి, గొంతు పెంచలేదు. "నా పెండ్లాం నాతోని రెండు నెల్లకు ఒక్క మాట జెప్పింది సార్. నేను గేట్లకెళ్లి లోపటికి రాంగనే పెంటయ్య నోట్లెకెళ్లి ఇన్న. నాకంటె ముందు అందరిన్నరు."

మామిడిపండ్ల సంచి చెయ్యి మార్చుకున్నాను.

"ఒట్టు వెట్టినవ్" అంది సరస్వతి. నేనొచ్చాక మొదటిసారి నాతో మాట్లాడింది. "సేటుకు వినిపిచ్చినవ్, సరే. నీ బేరం నీది. గని సేటుకు వినిపియ్యక ముందు గూడ ఇన్నవ్ గద? పప్పు ముచ్చట, పీట ముచ్చట, అన్ని ఇన్నవ్ గద? అవ్వి నీకేం పనికొస్తయి? ఎందుకిన్నవ్?"

టెస్టింగ్ అని చెప్పొచ్చు. నోటి దాకా వచ్చింది. ఆమె ముఖం చూసి చెప్పలేకపోయాను.

"ఇంట్ల ఎవ్వరు లేరక్కా" అన్నాను. "మాట వినబడ్తదని ఇన్న."

సరస్వతి మడత పెడుతున్న చీర పక్కన పెట్టింది. కోపం కొంచెం తగ్గిందనే అనుకుంటాను. కానీ ఆమె చెప్పింది తగ్గించి చెప్పలేదు.

"మాక్కూడ ఎవ్వరు లేరు సారూ. అందుకే మిషిన్‌కు జెప్పుకున్నం."

మల్లయ్య వైపు తిరిగి, "బస్సు టైమయితది, గా సంచి గట్టు" అంది. జహీరాబాద్ దగ్గర ఆమె అన్న పనిచేసే చోట ఇద్దరికీ పని దొరికిందట, ఇద్దరికీ పగటి షిఫ్టేనట. వాళ్లలో వాళ్లు అనుకుంటుంటే విన్నాను. బిడ్డను అక్కడి బడిలో వేస్తారట. మామిడిపండ్ల సంచి గడప పక్కన పెట్టాను. నేను మెట్లు దిగుతుంటే మల్లయ్య వచ్చి సంచి నా చేతికిచ్చి వెళ్లాడు.

కింద బండి దగ్గరికొచ్చేసరికి ఫోన్ మోగింది. నిషిత.

"పన్నెండు యూనిట్లు పడ్డయట గద! అనిల్ చెప్పిండు. నువ్వెందుకు చెప్పలే? నేను ట్రాన్స్‌ఫర్ అడిగేసిన. ఆగస్టుల వచ్చేస్త. వింటున్నవా?"

"వింటున్న."

ఆమె గొంతులో అంత ఉషారు మార్చి తర్వాత నేను వినలేదు. రుద్రారం వద్దు, పటాన్‌చెరులో రెండు గదుల ఇల్లు చూడమంది. మా నాన్నకు ఫోన్ చేసి చెప్పమంది. అన్నిటికీ సరే అన్నాను. ఆమె ఆగింది.

"ఇంకేంది?"

పైన కిటికీలోంచి వాళ్ల మాటలు వస్తున్నాయి. ఆమె ఏదో అంటోంది, ఆయన నవ్వుతున్నాడు. కొంచెం చెవి పెడితే తెలిసేంత దగ్గరలో ఉన్నాను. వినబడకూడదని బండి స్టార్ట్ చేశాను.

"ఇంకేం లేదు" అన్నాను.